షరతులు రాసినవారే ముద్దాయిలు

ఊరు శుభ్రం చేసే పని ఎవరికి దక్కుతుందో టెండర్లు తెరిచిన రోజున తేలదు. షరతులు రాసిన రోజునే తేలిపోతుంది. ఎంత టర్నోవర్ ఉండాలి, ఎన్నేళ్ల అనుభవం చూపాలి, ధరావతుగా ఎంత ఈఎండీ కట్టాలి, పనిని ఏ కొలతతో కొలవాలి, బిల్లు ఎప్పుడు ఇవ్వాలి అన్న నాలుగైదు వాక్యాల్లోనే గెలుపోటములు ఉంటాయి. రోడ్లు ఊడ్చడం, చెత్త తరలింపు, కాల్వల పూడికతీత, మ్యాన్‌హోళ్ల శుభ్రత, మురుగునీటి శుద్ధి, పాత చెత్తగుట్టల తొలగింపు వంటి పర్యావరణ సేవల టెండర్లన్నిటికీ ఇదే వర్తిస్తుంది. ఆ వాక్యాల్లోని లోపాల వల్ల మనుషులు చనిపోతున్నారు, చెరువులు విషమవుతున్నాయి, పని తెలిసిన చిన్నవాడు టెండరు గడప తొక్కలేకపోతున్నాడు. ప్రతి దుర్ఘటన తర్వాతా కాంట్రాక్టరును తిట్టి, ఒక కేసు పెట్టి, చేతులు దులుపుకోవడం అలవాటైపోయింది. అసలు బాధ్యులు ఆ షరతులు రాసి, ఆమోదించి, సంతకాలు పెట్టినవారు. పురపాలక శాఖలు, నగరపాలక సంస్థలు, జలమండలి, వాటిని నడిపే ప్రభుత్వాలు ఈ అభియోగాలకు జవాబు చెప్పాలి.

మొదటి అభియోగం ప్రాణాలకు సంబంధించినది. 2016 ఆగస్టులో హైదరాబాద్‌లోని మాదాపూర్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగిన కార్మికులు విషవాయువుకు బలయ్యారు. వారిని కాపాడబోయిన క్యాబ్ డ్రైవర్ కూడా అక్కడే ప్రాణాలు వదిలాడు. మొత్తం నలుగురు. 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో రాత్రివేళ మ్యాన్‌హోల్‌లోకి దింపిన ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు ప్రాణాలతో బయటికి రాలేదు. ఒకరి మృతదేహం కోసం రోజుల తరబడి గాలించాల్సి వచ్చింది. ఈ రెండు ఘటనల నాటికీ చట్టం అమల్లో ఉంది. మురుగు కాల్వలను, సెప్టిక్ ట్యాంకులను మనుషులచేత ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మొదటి తప్పుకు రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, మళ్లీ చేస్తే ఐదేళ్లు, 5 లక్షలు అని శిక్షలూ చెప్పింది. రక్షణ పరికరాలు 44 రకాలు ఉండాలని దాని కింద వచ్చిన నియమాలు పేరుపేరునా నిర్దేశించాయి.

ఆ చట్టం వెనుక పెద్ద పోరాటమే ఉంది. బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటివారు నిలబెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2014 మార్చి 27న వెలువడిన తీర్పు, మురుగు కాల్వల్లో మరణించిన ప్రతి కార్మికుడి కుటుంబానికీ 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20న అదే న్యాయస్థానం ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. వార్తల్లో పరిహారమే ప్రముఖంగా వచ్చింది కానీ, ఆ తీర్పులో టెండర్లకు సంబంధించిన ఆదేశం అంతకంటే కీలకమైనది. కేంద్రం ఒక నమూనా ఒప్పందం తయారుచేయాలి, రాష్ట్రాలన్నీ దాన్నే వాడాలి, ప్రమాదం జరిగితే ఆ ఏజెన్సీ కాంట్రాక్టు పోవాలి, అవసరమైతే దాన్ని బ్లాక్‌లిస్టులో పెట్టాలి అని కోర్టు చెప్పింది. 2025 జనవరిలో హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మనుషులను మురుగు కాల్వల్లోకి దింపడాన్ని మళ్లీ ప్రత్యేకంగా నిషేధించాల్సి వచ్చిందంటే, పాత ఆదేశాలు ఏ మేరకు అమలయ్యాయో అర్థం చేసుకోవచ్చు. తెలుగు రాష్ట్రాల్లోని ప్రతి పురపాలక సంఘమూ తన టెండరు పత్రం తెరిచి, సుప్రీంకోర్టు చెప్పిన ఆ షరతు ఏ పేజీలో ఉందో ప్రజలకు చూపించాలి. చూపించలేని కమిషనర్‌కు ఆ టెండరు పిలిచే అర్హత లేదు.

ప్రాణాలు పోవడానికి మూలం ధర దగ్గరే ఉంది. తక్కువ కోట్ చేసినవాడికే పని అన్న ఎల్-1 పద్ధతి సిమెంటు బస్తాలు కొనడానికి పనికొస్తుంది. ఒకే రకం బస్తా ఎవరి దగ్గర చవకగా దొరికితే వారి దగ్గర కొనవచ్చు. మనుషుల శ్రమే ప్రధాన ఖర్చుగా ఉన్న పనికి ఆ లెక్క పనికిరాదు. కనీస వేతనాన్ని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. యజమాని వాటాగా పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం కట్టి తీరాలి. డీజిల్ ఎవరు కొన్నా ఒకటే ధర. ఇన్ని ఖర్చులు ముందే ఖాయమైన పనికి ఎవరైనా అంచనా విలువ మీద 20 శాతం లెస్‌కు టెండరు వేస్తే, ఆ 20 శాతం ఎక్కడి నుంచి తెస్తాడు? వీధిలో పనిచేసేవారి కంటే హాజరుపట్టీలో పేర్లు ఎక్కువ ఉండాలి. లేదా జీతంలో కోత పెట్టాలి. లేదా పీఎఫ్ డబ్బు ఖాతాకు చేరకుండా ఆపాలి. లేదా గ్యాస్ డిటెక్టర్, బూట్లు, గ్లౌజులు కొనడం మానేయాలి. ఇంకో దారి లేదు. ఇంజినీరింగ్ విభాగానికి ఇది తెలుసు, అకౌంట్స్ విభాగానికీ తెలుసు. తెలిసే ఆ టెండరును ఆమోదించి, ప్రజాధనం ఆదా చేశామని ఫైలులో రాసుకుంటున్నారు. ఆ ఆదా అంతా కార్మికుడి ఒంట్లోంచి, అతని భార్యాబిడ్డల కంచంలోంచి తీసుకున్నదే.

రెండో అభియోగం కొలతకు సంబంధించినది. తడి చెత్త, పొడి చెత్త వేరుగా ఇవ్వమని ఇల్లిల్లూ తిరిగి చెప్పే యంత్రాంగమే, తరలించిన టన్నుకు ఇంత అని కాంట్రాక్టరుకు చెల్లిస్తోంది. చెత్త తగ్గితే అతని రాబడి తగ్గుతుంది. ఇంటి దగ్గరే ఎరువు తయారైతే, ప్లాస్టిక్, అట్టపెట్టెలు పాతసామాను దుకాణానికి చేరితే, వేబ్రిడ్జి మీద తూకం పడిపోతుంది. అదే వానకు తడిసిన చెత్త, రాళ్లూ మట్టీ కలిసిన చెత్త బాగా తూగుతుంది. చెత్త పెరిగితేనే లాభం వచ్చేలా ఒప్పందం రాసి, చెత్త తగ్గించాలని గోడల మీద నినాదాలు రాయించడం ప్రజలను మోసం చేయడమే.

జవహర్‌నగర్ దీనికి మన కళ్లెదుటి సాక్ష్యం. హైదరాబాద్ మహానగరం చెత్తంతా ఆ ఒక్క చోటికి చేర్చడానికి 25 ఏళ్ల దీర్ఘకాలిక ఒప్పందం 2009లోనే కుదిరింది. గుట్టగా పేరుకున్న పాత చెత్తను తీసివేయకుండా పైన కప్పు వేశారు. కరెంటు తయారీ కేంద్రం పెట్టారు. కానీ ఆ గుట్ట నుంచి ఊరే నల్లటి లీచేట్ మల్కారం చెరువును, చుట్టుపక్కల బోర్లను పాడుచేసింది. దుర్గంధం భరించలేక దమ్మాయిగూడ, జవహర్‌నగర్ జనం ఏళ్ల తరబడి రోడ్డెక్కుతూనే ఉన్నారు. టన్నుల లెక్కన బిల్లులు చెల్లించే నగరం, బోరు నీళ్లు తాగడానికి పనికొస్తున్నాయా లేదా అన్నదాన్ని బిల్లుతో ఎందుకు ముడిపెట్టలేదు? గాలి, నీరు, నేల బాగుపడ్డాయో లేదో కొలిచి డబ్బిస్తేనే దాన్ని పర్యావరణ సేవ అనాలి. లేకపోతే అది ఒక ఊరి చెత్తను ఇంకో ఊరి నెత్తిన పోసే రవాణా పని మాత్రమే.

పాత చెత్తగుట్టల బయోమైనింగ్‌లోనూ ఇదే తప్పు చేస్తున్నారు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు, 2019లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు, ఆ ఏడాదే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాలు కలిసి ఈ పనిని ముందుకు తోశాయి. 2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛభారత్ రెండో దశ పాత చెత్తకు టన్నుకు 550 రూపాయల ప్రమాణం పెట్టి నిధులకు దారి చూపింది. గుట్టను తవ్వి, జల్లెడ పట్టి, మట్టిని, రాళ్లను, మండే చెత్తను వేరు చేయాలి. మట్టిని పరీక్షించి వాడాలి. మండే చెత్తను సిమెంటు కర్మాగారాలకు పంపాలి. పని అంతా ఇక్కడే ఉంది, ఖర్చూ ఇక్కడే ఉంది. కానీ టెండరు పత్రం ఎన్ని టన్నులు కదిలాయన్న దాని మీదే దృష్టి పెట్టి, ఎక్కడికి చేరాయన్నది గాలికొదిలేస్తే, జల్లెడ పట్టిన ప్లాస్టిక్ మరో గుంతలోకి చేరే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 85 లక్షల టన్నుల పాత చెత్తను 2025 అక్టోబరు 2 నాటికి తొలగిస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గడువు పెట్టుకుంది. గడువు పెట్టుకోవడం మంచిదే. ఆ టన్నుల్లో ఎంత భాగం ఏ సిమెంటు ఫ్యాక్టరీకి, ఏ రోడ్డు పనికి, ఏ గుంతకు వెళ్లిందో ఊరి వారీగా లెక్క చెప్పినప్పుడే ఆ పని పూర్తయినట్టు. లెక్కలు చెప్పలేని పాలనకు ఎంత మూల్యం పడుతుందో తెలంగాణకు ఇప్పటికే తెలుసు. ఘన, ద్రవ వ్యర్థాల నిర్వహణలో వైఫల్యానికి హరిత ట్రిబ్యునల్ 2022 అక్టోబరులో ఆ రాష్ట్రానికి 3,800 కోట్ల రూపాయల పర్యావరణ పరిహారం విధించింది.

మూడో అభియోగం, చిన్నవారికి తలుపులు మూయడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఇ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టి దేశానికి దారి చూపింది. టెండరు పెట్టె దగ్గర మనుషులను నిలబెట్టి పోటీదారుణ్ని లోపలికి రానివ్వని రోజులకు అది చెక్ పెట్టింది. ఆ కాపలా ఇప్పుడు షరతుల రూపంలో తిరిగొచ్చింది. పది వార్డుల రోడ్లు ఊడ్చే పనిని నగరమంతటికీ కలిపి ఒకే ప్యాకేజీ చేస్తారు. దానికి తగ్గట్టు కోట్ల టర్నోవర్, అదే స్థాయి పని మూడేళ్లు చేసిన సర్టిఫికెట్ అడుగుతారు. పదేళ్లుగా ఆ వార్డుల్లోనే ట్రాక్టరు నడుపుతున్నవాడికి, కార్మికులే కట్టుకున్న సొసైటీకి, మహిళా సంఘానికి అక్కడితో దారి మూసుకుపోతుంది. ప్యాకేజీ గెలిచిన సంస్థ ఆ పనిని మళ్లీ ముక్కలు చేసి, తన కమిషన్ మినహాయించుకుని, సబ్ కాంట్రాక్టు కింద అదే ట్రాక్టరు యజమానికి ఇస్తే అడిగేవాడు ఉండడు. పని చిన్నవాడే చేశాడు, లాభం మధ్యలో ఆగింది, బాధ్యత ఎవరిదో తెలియకుండా పోయింది. మురుగుశుద్ధి కేంద్రాల వంటి భారీ నిర్మాణాలకు పెద్ద సంస్థలు కావాలన్నది నిజమే. హైదరాబాద్‌లో 31 కేంద్రాలను మూడు ప్యాకేజీలుగా కట్టించడంలో అర్థముంది. వీధి ఊడ్చడానికి, కాల్వ పూడిక తీయడానికి, స్వచ్ఛ ఆటో నడపడానికి ఆ స్థాయి అర్హతలు ఎందుకు?

చిన్నవారికి వాటా ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి 25 శాతం, అందులో ఎస్సీ, ఎస్టీ యజమానుల నుంచి 4 శాతం, మహిళల నుంచి 3 శాతం కొనాలని కేంద్రం తన శాఖలకు, తన ప్రభుత్వ రంగ సంస్థలకు నియమం పెట్టింది. ఈఎండీ మినహాయింపు కూడా ఇచ్చింది. పురపాలక సంఘాలకు ఆ నియమం వర్తించదు. పక్కనున్న కర్ణాటక మాత్రం తన కొనుగోళ్ల చట్టాన్ని సవరించి, పరిమితికి లోబడిన పనుల్లో ఎస్సీ, ఎస్టీ కాంట్రాక్టర్లకు 24 శాతానికి పైగా కేటాయించింది. ఊళ్లను శుభ్రం చేసే పనిలో తరతరాలుగా ఉన్నవారు ఎక్కువగా దళితులు. ఆ పనిలో చీపురు పట్టే చేయి వారిదైనప్పుడు, ఒప్పందం మీద సంతకం పెట్టే చేయి మాత్రం వారిది కాకుండా షరతులు ఎవరు రాశారు?

నాలుగో అభియోగం బిల్లులది. కష్టపడి టెండరు గెలిచిన చిన్న కాంట్రాక్టరు ఎం-బుక్‌లో కొలతలు రాయించుకుని, ఆడిట్ దాటించుకుని, ట్రెజరీ చుట్టూ తిరగాలి. ఈలోగా ప్రతి నెలా జీతాలు, డీజిల్ ఆగవు. వడ్డీకి తెస్తాడు. ఆ వడ్డీ భారం చివరికి కార్మికుడి జీతం మీద పడుతుంది. చిన్న సంస్థ అందించిన సరుకుకైనా, సేవకైనా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలంటోంది. కానీ మళ్లీ పని అడగాల్సిన ఆఫీసు మీద ఫిర్యాదు చేసే ధైర్యం ఎవరికి ఉంటుంది? బిల్లు ఆగిన ప్రతి బల్ల దగ్గరా చేయి చాచేవాడు పుట్టుకొస్తాడు. నెలల తరబడి అప్పు మోయగల పెద్ద సంస్థలే చివరికి రంగంలో మిగులుతాయి. అప్పుడు పోటీ లేదని, అందుకే పని వారికే ఇవ్వాల్సి వచ్చిందని అధికారులే రాస్తారు.

వీటికి అధికారుల వైపు నుంచి వచ్చే జవాబు ఒక్కటే. తక్కువ ధరను పక్కన పెడితే ఆడిట్ అభ్యంతరం వస్తుంది, విజిలెన్స్ విచారణ వస్తుంది, ఎల్-1ను ఎంచుకుంటే ఎవరూ వేలెత్తి చూపరు అంటారు. ఆ భయం నిజమే. కానీ దానికి మందు కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులోనే ఇచ్చింది. నాణ్యత ముఖ్యమని తేల్చిన పనుల్లో, సేవల్లో ధరకే పూర్తి మార్కులు ఇవ్వక్కర్లేదని, 30 శాతం వరకు మార్కులు నాణ్యతకు ఇవ్వవచ్చని చెప్పింది. రాష్ట్రాలు అదే బాట పట్టి, రక్షణ పరికరాలు, యంత్రాలు, గత ఒప్పందాల్లో పీఎఫ్ చెల్లింపుల రికార్డు, ప్రమాదాల చరిత్ర చూసి మార్కులు ఇస్తే ఆడిట్‌కు కాగితం చేతిలో ఉంటుంది. కాగితం లేకపోవడం వల్ల కాదు, తెప్పించుకోవాలన్న పట్టింపు లేకపోవడం వల్లే పాత పద్ధతి సాగుతోంది. మొత్తంగా షరతులనే ముందుగా పరిశీలించే ప్రయత్నమూ నిలవలేదు. 100 కోట్లు దాటిన టెండర్లను పిలవకముందే న్యాయమూర్తి పరిశీలనకు పంపాలని ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసింది. ప్రభుత్వం మారాక దాన్ని రద్దు చేశారు. అది ఉన్నప్పుడు కూడా వార్డు స్థాయి పారిశుద్ధ్య టెండర్లు దాని కంట పడలేదు. రద్దయ్యాక ఏ స్థాయి షరతులనైనా బయటివారు ముందుగా చూసే ఏర్పాటు లేకుండా పోయింది.

కాంట్రాక్టరును తీసేస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయన్నది ఇంకో వాదన. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన జీవో 279 పారిశుద్ధ్య పనులను ప్యాకేజీలు చేసి ఏజెన్సీలకు అప్పగించబోతే, మున్సిపల్ కార్మికులు ఏళ్ల తరబడి పోరాడారు. 2020లో ఆప్కాస్ ఏర్పాటుచేసి మధ్య ఏజెన్సీల బదులు ప్రభుత్వ సంస్థ ద్వారానే జీతాలు ఇవ్వడం మొదలుపెట్టారు. జీతం నేరుగా ఖాతాలో పడటం కార్మికులకు నిజమైన ఊరట. అయినా 2023 డిసెంబరు చివర్లో మొదలై మరుసటి ఏడాది జనవరిలోకి సాగిన సమ్మెలో అదే కార్మికులు రోడ్డెక్కారు. ఉద్యోగ భద్రత, సమాన వేతనం వారికి అప్పటికీ అందలేదు. మధ్యవర్తి పోయినా ఒప్పందంలో కార్మికుడి హక్కు రాయనంతకాలం భద్రత రాదని ఆ సమ్మె చెప్పింది.

షరతు మారితే ఫలితం మారుతుందని చూపినవారు మన దగ్గరే ఉన్నారు. 2017లో హైదరాబాద్ జలమండలి ఇరుకు గల్లీల్లోకి వెళ్లగల 70 మినీ జెట్టింగ్ యంత్రాలకు టెండరు రాసింది. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి, బ్యాంకు రుణంతో యంత్రాలకు యజమానులయ్యే అవకాశం దళిత యువతకు ఇచ్చింది. మురుగులోకి దిగాల్సిన కుటుంబాల నుంచే యంత్రాల యజమానులు వచ్చారు. 2019లో ఢిల్లీ ప్రభుత్వం అదే పద్ధతిలో 200 యంత్రాలు తీసుకుంది. పుణెలో చెత్త ఏరుకునే మహిళల సహకార సంఘం ‘స్వచ్ఛ్’ నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని ఇంటింటా చెత్త సేకరిస్తోంది. ఇవి ఎవరి దయవల్లో జరగలేదు. టెండరులో, ఒప్పందంలో వేరే వాక్యాలు రాసినందువల్ల జరిగాయి. అదే హైదరాబాద్‌లో, ఆ యంత్రాలు వచ్చిన నాలుగేళ్లకు, సాహెబ్‌నగర్‌లో మనుషులను మ్యాన్‌హోల్‌లోకి దింపారు. ఒక సంస్థ రాసిన మంచి షరతు పక్క సంస్థ టెండరులోకి చేరలేదు. దారి తెలిసీ నడవకపోవడం తెలియకపోవడం కంటే పెద్ద నేరం.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం ప్రాణరక్షణ షరతులున్న నమూనా ఒప్పందం లేకుండా ఏ పారిశుద్ధ్య, మురుగు టెండరూ పోర్టల్‌లోకి ఎక్కకూడదు. వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ, రక్షణ పరికరాల ఖర్చును పోటీ నుంచి తప్పించి స్థిరంగా ఉంచాలి, నిర్వహణ ఖర్చు, లాభం మీదే పోటీ పెట్టాలి. చెల్లింపులో ముఖ్య భాగం టన్నుల నుంచి ఫలితాలకు మారాలి. వేరు చేసిన చెత్త శాతం, శుద్ధి తర్వాత నీటి నాణ్యత, తిరిగి వాడకానికి వచ్చిన నేల కొలమానాలు కావాలి. వార్డు స్థాయి పనులను ప్యాకేజీల్లో కలపడం మానేసి, వాటిలో నిర్ణీత వాటా కార్మికుల సొసైటీలకు, మహిళా సంఘాలకు, ఎస్సీ, ఎస్టీ యువతకు ఇవ్వాలి. టెండరు వేయడానికి మూడు వారాలకు తగ్గకుండా గడువు ఉండాలి, ముసాయిదా షరతులు తెలుగులో ముందే ప్రజల ముందు పెట్టాలి. 45 రోజులు దాటిన బిల్లుకు వడ్డీ దానంతటదే లెక్కకట్టి చెల్లించాలి, ఆ జాప్యానికి కారణమైన అధికారి పేరు నమోదు కావాలి.

వీటన్నిటికంటే ముందు జరగాల్సింది బాధ్యత తేల్చడం. 2013 చట్టం మురుగులోకి మనిషిని దింపరాదని చెప్పినప్పుడు వ్యక్తికి, ఏజెన్సీకి చెప్పి ఆగలేదు, స్థానిక సంస్థ పేరు కూడా విడిగా పేర్కొంది. అయినా మ్యాన్‌హోల్ మరణాల్లో మేస్త్రి, సబ్ కాంట్రాక్టరు దగ్గరే వేళ్లు ఆగిపోతున్నాయి. ఇకమీదట ఒక్క కార్మికుడు మురుగులో చనిపోయినా, అసాధ్యమైన ధరకు ఆ పని అప్పగించిన అధికారి, రక్షణ షరతు లేని పత్రానికి ఆమోదం తెలిపినవారు ఎఫ్ఐఆర్‌లో నిందితులుగా ఉండాలి. సంతకం పెట్టే ముందు ఆ చేయి ఒక్క క్షణం ఆగి లెక్క చూసుకుంటే చాలు, చాలామంది ప్రాణాలు నిలుస్తాయి. ఆ భయం చట్టం చెప్పిన చోట పుట్టించడం ప్రభుత్వాల బాధ్యత. పుట్టించకపోతే ముద్దాయిల జాబితాలో మొదటి పేరు వాటిదే.